పొడుగు కారూ, పొట్టి ఊపిరీ

ఎద్దు ముసలిదైతే గడ్డి వేస్తాం. మనిషి ముసలివాడైతే మందు పోస్తాం. కారు ముసలిదైతే మాత్రం అడిగినవాడూ, అడగనివాడూ కూడా “అమ్మి పారెయ్యవయ్యా!” అనే అంటాడు. ఏడాది పైచిలుకు కాలంలో ఈ సలహా నాకు చెప్పని బంధువు బెజవాడలో లేడు. మా ఇంటికి పాలు పోసే అతను కూడా చెప్పాడు. అతని సైకిలు నా కారుకంటే పాతది!

మా కారు పేరు టాటా ఎస్టేట్. ఈ కాలపు పిల్లలు చూసి ఉండరు గనక కాస్త వివరించాలి. మామూలు కారుకి వెనక డిక్కీ ఉంటుంది చూడండి, దీనికి అది లేదు. పైకప్పు అలా చివరిదాకా సాగిపోయి, అక్కడ నిలువుగా ఒక తలుపు ఉంటుంది. వెనకసీటు మడిచేస్తే లోపల ఒక చిన్న గది తయారవుతుంది. ఇటువంటి వాటిని ఇంగ్లండులో ఎస్టేటు కార్లంటారు; అమెరికాలో స్టేషన్ వేగన్లంటారు. అక్కడి భూస్వాములు సొంత ఎస్టేట్లలో తిరగడానికి వాడుకున్నారు గనక ఆ పేరు. మా నాన్నకి ఎస్టేటు లేదు. చల్లపల్లి దగ్గర ఏడెకరాల మాగాణి ఉంది, అంతే. అయినా 1994 దసరాకి ఈ కారు కొన్నాడు. ఊళ్ళో అందరూ దాన్ని “పొడుగు కారు” అనేవారు.

దీన్ని చేసినవారు టెల్కో కంపెనీవారు. 2003లో ఆ కంపెనీ పేరే టాటా మోటార్స్ అయింది. 1988లో వారు టాటామొబైల్ అనే చిన్న ట్రక్కు తెచ్చారు. దాని పునాది మీదనే 1991లో సియారా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. ఎస్టేట్‌కి పవర్ స్టీరింగూ, మీట నొక్కితే దిగే అద్దాలూ ఉండేవి. ఆ రోజుల్లో మా ఊరి పిల్లలు అద్దం దిగడం చూడటానికే వచ్చి నిలబడేవారు.

చూపుకి ఇది బెంజికారు పోలికలో ఉండేది. ఆ మాటకొస్తే టాటావారికీ బెంజివారికీ పాత చుట్టరికమే. 1954 నుంచి 1969 దాకా ఇద్దరూ కలిసి మన దేశంలో లారీలు చేశారు. బెజవాడలో బెంజి సర్కిల్‌కి ఆ పేరు రావడానికి కూడా ఆ లారీల వ్యాపారమే కారణమంటారు.

చేతులు పొడుగైన మనిషి చేత పనులు ఎక్కువ చేయించుకుంటారు. పొడుగు కారు సంగతీ అంతే. పెళ్ళివారి గుండిగలూ, నూజివీడు మామిడిపళ్ళ గంపలూ, మినుముల బస్తాలూ, ఆవకాయ జాడీలూ, నెలతప్పిన కోడళ్ళూ, కాలు విరిగిన పాలేళ్ళూ, అన్నీ, అందరూ దాని వెనక తలుపులోంచే ఎక్కారు. 2000 ప్రాంతంలో కంపెనీ దాన్ని చేయడం మానేసింది. మేం మాత్రం మానలేదు. నాన్న నడపడం మానేశాక కారుతో సహా బెజవాడ వచ్చేశాడు. మా వీధిలో దానికి చోటు చాలక, అజిత్‌సింగ్ నగర్‌లో ఒక మిత్రుడి షెడ్డులో పెట్టాను. నెలకోసారి వెళ్ళి స్టార్టు చేసి, తుడిచి, వచ్చేవాణ్ణి. తర్వాత రెండు నెలలకోసారి అయింది. ఇహ ఆ తర్వాతి సంగతి చెప్పడానికి సిగ్గేస్తోంది.

బుడమేరు చేసిన పని

2024 సెప్టెంబరు 1వ తేదీ బెజవాడ వాళ్ళెవరూ మరిచిపోరు. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, ఆ నీరంతా సింగ్‌నగర్ మీద పడింది. అదే సమయంలో కృష్ణ కూడా పొంగి, ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. బ్యారేజి కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. ఇళ్ళలోకి నీళ్ళొచ్చి మనుషులే మేడలెక్కి రోజులు లెక్కపెట్టుకుంటుంటే, కారు గురించి అడిగే నోరు ఎవరికుంటుంది? నేనూ అడగలేదు. నీరు తీసిన తర్వాత వెళ్ళి చూస్తే, షెడ్డు గోడమీద బురద గీత నా ఛాతీ ఎత్తున ఉంది. కారు బురద రంగులో, బురదలో, బురదతో నిండి ఉంది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సంధులు విడదీయడం వచ్చుగాని నట్లు విడదీయడం రాదు. అంచేత తాళంచెవి పెట్టి తిప్పి చూద్దామనుకున్నాను. నాతో వచ్చిన ఆటోనగర్ మేస్త్రిగారు నా చెయ్యి పట్టుకు లాగినంత పని చేశాడు.

“తిప్పకండి మాస్టారూ! గాలిని అదిమితే అణుగుతుంది. నీళ్ళు అణగవు. సిలిండర్లో నీళ్ళుండగా తిప్పితే పిస్టన్ పైకెళ్ళలేక కడ్డీ వంగిపోద్ది. ఇప్పుడిది జబ్బుమనిషి. తిప్పారంటే శవం.”

ఈ ఒక్కమాటా పాఠకులు గుర్తుంచుకుంటే నా వ్యాసం వృథా కాదు. వరదలో మునిగిన బండిని, అది కారయినా, స్కూటరయినా, ఎంత ముద్దొచ్చినా స్టార్టు చేయకూడదు. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. డీజిలు బండయితే హీటర్ ప్లగ్గులు ఊడదీసి, ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పి నీరు బయటికి కక్కించాలి. ఆయిలు తీసి చూడాలి. మా కారు ఆయిలు తీస్తే అచ్చం పాలెక్కువైన కాఫీలా ఉంది. ఆయిల్లో నీళ్ళు కలిస్తే అలాగే ఉంటుందట.

బండిని తాళ్ళు కట్టి ఆటోనగర్ చేర్చాం. అక్కడి పాతసామాను వ్యాపారి ఒకాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇరవై రెండువేలిస్తానన్నాడు. మా ఆవిడ, “పోనీ ఇరవై అయిదు అడగండి,” అంది.

ఆటోనగర్ ఆసుపత్రి

ఆటోనగర్ అంటే బెజవాడకి తూర్పున, బందరు రోడ్డుకూ ఏలూరు వెళ్ళే హైవేకూ మధ్యన ఉన్న ఒక ఇనుప పట్టణం. 1960లలో పుట్టింది. దేశంలోని పెద్ద ఆటోనగర్లలో ఒకటి. మద్రాసు నుంచి కలకత్తా పోయే దారీ, పూణే నుంచి హైదరాబాదు మీదుగా బందరు పోయే దారీ బెజవాడలోనే కలుస్తాయి. అంచేత దేశంలోని లారీల్లో సగం జబ్బుపడేది ఇక్కడేననిపిస్తుంది. ఒక వీధిలో లారీలకు బాడీలు కడతారు. ఒక వీధిలో కమాన్లు సాగగొడతారు. ఒకచోట లేత్‌మిషన్లు, ఒకచోట డీజిల్ పంపులు సరిచేసేవారు, ఒకచోట రేడియేటర్లు అతికేవారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క అవయవం. పక్కవాడి అవయవం జోలికి పోరు. మన పెద్దాసుపత్రుల పద్ధతే గాని, చీటీ రాయించుకోనక్కర్లేదు.

ఇంజను విప్పితే జబ్బు బయటపడింది. నాలుగు సిలిండర్ల గోడలకీ తుప్పు గాట్లు పడ్డాయి. తప్పు నీళ్ళది మాత్రమే కాదు. నెలల తరబడి కదిలించకుండా వదిలేసిన నాది కూడాను.

“బోర్లు సాపు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వెయ్యాలి. సామాన్లకి బాధలేదు. ఇదే ఇంజను సుమోకీ ఉండేది,” అన్నాడు మేస్త్రి. సుమో ఎక్కని పెళ్ళివారు ఆంధ్రదేశంలో లేరు గనక దాని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. కాని ఆయన అంతటితో ఆగలేదు. చెయ్యి గుడ్డతో తుడుచుకుంటూ, “లేదంటే ఇంకో దారుంది మాస్టారూ. ఒక సియారా టర్బో ఇంజను నా ఎరికలో ఉంది. అది ఎక్కించేద్దాం. బండి ఎగురుద్ది,” అన్నాడు.

నా మనసు అప్పుడే ఎగిరింది!

ఊకతో నడిచే మిల్లు

టర్బో అంటే ఏమిటో నాకు అంతవరకూ సరిగా తెలియదు. వెనక అద్దంమీద అంటించే స్టిక్కరు అనుకునేవాణ్ణి. మేస్త్రి చెప్పిందీ, నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను. మన వైపు ఉప్పుడుబియ్యం మిల్లు చూశారుగా! వడ్లు ఆడిస్తే ఊక వస్తుంది. ఆ ఊకనే బాయిలరు కింద మండించి, ఆ ఆవిరితో మళ్ళీ వడ్లు ఉడకేస్తారు. పారబోయవలసినదే పనికొచ్చిందన్నమాట. టర్బో కూడా అంతే. ఇంజను వదిలే పొగ ఊరికే గాల్లో కలిసిపోకుండా, దారిలో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండించవచ్చు. ఇంజను పరిమాణం పెరగదు, బలం పెరుగుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు పైగా తిరుగుతాయంటే నమ్మండి.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. మా నాన్న ఈ కారు కొన్న 1994లోనే ఐరోపాలో పొడుగు కార్లకి టర్బో పిచ్చి పట్టింది. జర్మనీలో ఆడీవారు పోర్షెవారితో కలిసి ఆర్ఎస్2 అనే ఎస్టేటు చేశారు. దానికి మూడువందల పైచిలుకు అశ్వశక్తి! ఆ ఏడే స్వీడన్ దేశపు వోల్వోవారు తమ 850 ఎస్టేటు బండిని బ్రిటిష్ పరుగుపందేలలోకి దింపితే, సామాన్లబండి పందేనికొచ్చిందని జనం మొదట నవ్వారట. ఆ పందెంబండికి టర్బో లేదుగాని, అదే 850ని టర్బోతో ఇళ్ళకి అమ్మారు. ఈనాడు ఇటువంటి కార్లను వెతికి, కొని, మరమ్మతు చేయించుకుని మురిసిపోయేవారు ప్రపంచమంతా ఉన్నారు.

మా ఎస్టేటుకి ఉన్నది అరవై పైచిలుకు అశ్వశక్తి. దాదాపు రెండు లీటర్ల ఇంజను, బరువైన ఒళ్ళు. మేస్త్రి చెప్పిన సియారా టర్బో 1997లో వచ్చింది. దానిది సుమారు తొంభై. అంటే మరో పాతిక, ముప్పై గుర్రాలు. ఈ గుర్రాలమీద నాకు ఎందుకంత మోజో చెప్పాలంటే, ఒక రాత్రి సంగతి చెప్పాలి.

1998 డిసెంబరు. నేను సెలవులకి ఇంటికొచ్చాను. రాత్రి పదకొండింటికి నాన్న నన్ను తట్టి లేపాడు. అమ్మకి ఛాతీలో నొప్పి. వెనకసీటు మడిచి పరుపు వేశాం. అమ్మని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లపల్లి నుంచి బెజవాడ అరవై పైచిలుకు కిలోమీటర్లు. నాన్న కాలు యాక్సిలరేటరుమీద పూర్తిగా నొక్కే ఉంది. ఇంజను ఆయాసపడే మనిషిలా రొప్పుతోంది. కూచిపూడి దాటాం, పామర్రు దాటాం. ముల్లు మాత్రం డెబ్భై మీద నుంచి కదలదు. కంకిపాడు దాటాక నా ఒళ్ళో తల బరువెక్కింది. ఆసుపత్రిలో డాక్టరు, “ఒక్క గంట ముందు తీసుకురావలసింది,” అన్నాడు.

ఆ గంటని నేను ఇరవై ఆరేళ్ళుగా అశ్వశక్తిలోకి మారుస్తూ వచ్చాను. బండికి ఇంకాస్త ఊపిరుంటే! మేస్త్రి నోట టర్బో మాట వినగానే, ఎక్కడో పాత బాకీ తీర్చే అవకాశం వచ్చినట్టనిపించింది. ఆ వారంలోనే అడ్వాన్సు ఇవ్వడానికి డబ్బు కూడా తీశాను.

నాన్న లెక్క

మేస్త్రితో నేను ఫోనులో మాట్లాడటం నాన్న విన్నాడు. ఆయనకిప్పుడు ఎనభై ఒకటి. వరండాలో కుర్చీలో కూర్చుని, “టర్బో ఎందుకురా?” అన్నాడు.

“బండి నిదానం కదా నాన్నా.”

“ఇప్పుడేం కొత్త? మొదటినుంచీ నిదానమేగా.”

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. “ఆ రాత్రి కూడా నిదానమే,” అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకేసి చూడకుండానే అన్నాడు: “ఆ రాత్రి నిదానం బండిది కాదురా అబ్బాయ్. నాది.”

నాకర్థం కాలేదు.

“నొప్పి మొదలైంది ఎనిమిదింటికి. నువ్వు పడుకున్నావు. గ్యాసనుకున్నాను. వాము నీళ్ళు పట్టించాను. తొమ్మిదన్నరకి కాస్త తగ్గిందంది. పదింటికి మళ్ళీ వచ్చింది. తెల్లారాక వెళదామనుకున్నాను. నిన్ను లేపింది పదకొండింటికి.”

“అమ్మే వద్దని ఉంటుంది నాన్నా.”

“అంది. అంటే మాత్రం నేను వినొచ్చా?” అని కాసేపాగాడు. “పైగా ఉయ్యూరులో ఏమైందో నీకు గుర్తులేదు. చెరుకు బళ్ళు. ఫ్యాక్టరీ దాకా వరసగా నిలబడున్నాయి. పావుగంట వాటి వెనకే ఉన్నాం. నీ టర్బో వాటి మీదనుంచి దూకేదా?”

నిజంగానే నాకు చెరుకు బళ్ళు గుర్తులేవు. ఇంజను రొప్పే చప్పుడొక్కటే గుర్తుంది. ఆ రాత్రి కూర్చుని కాగితంమీద లెక్క వేశాను. ఆ ఇరుకు రోడ్డుమీద, ఆ చీకట్లో, టర్బో ఉన్నా మహా అయితే పదినిమిషాలు మిగిలేవి. పోయినవి మూడు గంటలు. ఆ మూడు గంటల్నీ ఆయన ఒక్కడే ఇన్నేళ్ళు మోశాడు. నేనేమో తప్పంతా కారుమీదకి నెట్టి హాయిగా ఉన్నాను.

మర్నాడు మేస్త్రితో, “పాత ఇంజనే బాగు చెయ్యండి,” అన్నాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. “అదే మంచిది మాస్టారూ. టర్బో పెడితే వేడెక్కువ. రేడియేటరూ, క్లచ్చీ, బ్రేకులూ అన్నీ దానికి తగ్గట్టు మార్చుకుంటూ పోవాలి. పైగా రవాణా ఆఫీసువారి అనుమతి లేకుండా ఇంజను మార్చకూడదు,” అన్నాడు. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అంటే, “మీరు అడగలేదుగా,” అన్నాడు!

ఏడాది వైద్యం

బోర్లు సాపయ్యాయి. పిస్టన్లూ, రింగులూ, బేరింగులూ కొత్తవి పడ్డాయి. డీజిల్ పంపు విప్పి, కడిగి, సరిచేశారు. వైరింగు మొత్తం తీసేసి కొత్తది లాగారు. బురద నీళ్ళు తాగిన తీగ ఇవాళ పనిచేసినా రేపు పొగ తెస్తుందట. తలుపుల అడుగునా, వెనకచక్రాల దగ్గరా రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది. సముద్రపు తేమ సోకే మన డెల్టాలో ఇనుముకి పెద్ద శత్రువు అదే. టింకరింగ్ మేస్త్రి పాత రేకు కోసి, కొత్త రేకుని సుత్తితో కొట్టి కొట్టి, అదే వంపు తెచ్చాడు. అచ్చులేదు, బొమ్మలేదు. రెండోవైపు తలుపుని తడిమి చూస్తూ, ఆ చేత్తోనే ఈ వైపు కొట్టాడు. వెనక దీపాల గాజులకీ, కిటికీల రబ్బర్లకీ మాత్రం నాలుగు నెలలు పట్టింది. చివరికి వాటిని పాతసామాన్ల కొట్టులో, ఇంకో ముసలి ఎస్టేటు ఒంటిమీంచి తీశారు. దానికి నమస్కారం పెట్టి తెచ్చుకున్నాను.

ఖర్చు లక్షా అరవై వేలవుతుందని మొదలుపెడితే రెండు లక్షల పది వేలయింది. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాక మిగిలిన దాంట్లోంచే నెలనెలా ఇచ్చాను. ఏడాది పట్టడానికి అదీ ఒక కారణం. ఇందులో పొదుపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. సొంత కారయితే పదిహేనేళ్ళ తర్వాత అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్లో 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025లో 10,000 అయింది. మా గడువు వరద తర్వాత షెడ్డులో ఉండగానే దాటిపోవడంతో ఆలస్యపు రుసుము అదనం. తనిఖీ రోజున ఒక కుర్ర ఉద్యోగి చుట్టూ తిరిగి చూసి, “ఇది ఏ కంపెనీ సార్, ఫారినా?” అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

2025 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే నాన్నని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఊరికి బయలుదేరాను. మా ఆవిడా, అమ్మాయీ వెనక. హీటరు దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పితే, ఇంజను ఒకసారి దగ్గి, అందుకుంది. అదే చప్పుడు. రొప్పు అని నేననుకున్నది, అది మామూలుగా పీల్చే ఊపిరే.

కంకిపాడు దగ్గర ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. ఉయ్యూరు దాటాక చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డమొచ్చింది. దాటిపోవడానికి నేను గేరు మార్చబోతే, నాన్న నా చెయ్యిమీద చెయ్యి వేశాడు.

“తొందరేముందిరా? పోనీ.”

ఆ ట్రాక్టరు వెనకే, నలభైలో, చాలాదూరం వెళ్ళాం. వెనకనుంచి హారన్లు కొడుతూ కొత్త కార్లు దాటిపోయాయి. వాటన్నిటికీ టర్బోలున్నట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో వెనక తలుపు తీసి రెండు బస్తాల మినుములూ, ఒక అరటిగెలా ఎక్కించాం. ఇంకా బోలెడు చోటు మిగిలింది.